నరకలోయలో వేడినీళ్ళు



రెండు నెలలుగా ఈ పేజీలో నా ఉత్తరం లేకపోవడం చూసి కొందరు ఫోన్లు చేశారు. నా ఆరోగ్యం బాగుండలేదేమో అనుకున్నారట. దేవుని కృపవలన క్షేమమే. 2025 జనవరిలో జపాను దేశంలో టోక్యో నగరంలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళి వచ్చాను. అక్కడ చూసినవన్నీ రాయాలంటే పత్రిక చాలదు. ఎత్తయిన మేడలు, నిమిషం తప్పని రైళ్ళు గురించి మీకు ఇతరులు చెప్పే ఉంటారు. నేను ఒక్క దినపు సంగతి మాత్రం రాస్తాను. ఆ దినమున మేము కోతులను చూడబోయాము.

నవ్వకండి. అల్లుడుగారు ఆ మాట అన్నప్పుడు నేనూ నవ్వాను. తరువాత కొంచెం కోపమూ వచ్చింది. మా ఊరిలో కోతుల సంగతి తెలిసిన వారికి ఆ కోపం అర్థమవుతుంది. మొక్కజొన్న పాలుపోసుకునే సమయానికి మంద దిగుతుంది. తినేది ఒక కంకి అయితే విరిచి పారేసేది పది. మేము చేను గట్టున కొండముచ్చు బొమ్మతో ఫ్లెక్సీ కట్టించాము. రెండు రోజులు భయపడ్డాయి. మూడవ రోజు ఒక కోతి ఆ ఫ్లెక్సీ కర్ర మీదనే కూర్చుని మా కంకి తిన్నది. మా ఆయన ఆ చేను కౌలుకు ఇచ్చేశారు. అటువంటి నన్ను, ఉన్న ఊరు విడిచి, సముద్రాలు దాటించి, డబ్బు పెట్టి కోతులను చూపిస్తామంటే ఏమనాలి?

"మన ఇంటి కప్పు మీద ఉన్నవి చాలవా అమ్మా?" అన్నాను.

"ఇవి వేరు అత్తయ్యగారూ, ఇవి వేడినీళ్ళలో స్నానం చేస్తాయి" అన్నారు అల్లుడుగారు. మనుమడు అప్పటికే సంచి సర్దుకున్నాడు. ఎనిమిదేళ్ళవాడు సంచి సర్దుకున్న తరువాత పెద్దవాళ్ళ మాట ఎక్కడ నడుస్తుంది?

టోక్యో నుండి నాగనో అనే పట్టణానికి వేగంగా పోయే రైలులో గంటన్నర కూడా పట్టలేదు. దారిలో కరుయిజావా అనే స్టేషను వచ్చింది. ఎండాకాలపు వేడి తట్టుకోలేక 1886లో అలెగ్జాండర్ షా అనే కెనడా మిషనరీ అక్కడి చల్లదనాన్ని కనుగొని, తోటి మిషనరీలకు చెప్పాడట. ఆయన పేర కట్టిన ఆరాధన మందిరం ఇప్పటికీ ఉంది. మన మిషనరీ దొరలకు కొడైకెనాల్ ఎట్లాగో వారికి ఇది అట్లాగన్నమాట. ఆ దేశంలో క్రైస్తవులు నూటికి ఒక్కరు మాత్రమే. రైలు ఆగిన ఆ కొద్ది నిమిషాలలో వారి కోసం చిన్న ప్రార్థన చేసుకున్నాను.

నాగనో నుండి చిన్న రైలులో యుదనాక, అక్కడ నుండి బస్సులో కన్‌బయషి. ఆ చిన్న రైలు కిటికీలో నుండి చూస్తే రెండు ప్రక్కల ఆపిల్ తోటలు. చలికాలం గనుక ఆకు లేదు, కాయ లేదు. నల్లని కొమ్మల మీద తెల్లగా మంచు. ఆ తోటలను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరకు వస్తాను.

బస్సు దిగిన తరువాత అడవిలో ఒకటిన్నర కిలోమీటరుకు పైగా నడక. వాహనం పోదు. దారి మొదట్లో మంచులో జారని బూట్లు అద్దెకిస్తారు. చీర మీద రెండు స్వెట్టర్లు, దాని మీద అల్లుడుగారి కోటు, కాళ్ళకు ఆ బూట్లు. నన్ను చూసి మనుమడు ఆపకుండా నవ్వాడు. దారికి రెండు ప్రక్కల నిటారుగా దేవదారు జాతి చెట్లు. కొమ్మ మీద నుండి మంచు జారి పడే చప్పుడు తప్ప మరే శబ్దము లేదు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు యోబును అడిగిన ప్రశ్నలలో మంచు నిలువచేసిన కొట్ల గురించి ఒక ప్రశ్న ఉన్నది గదా. మన ఎండల దేశంలో ఆ ప్రశ్న చదివి ముందుకు పోతాము. అక్కడ నిలబడితే పోలేము.

ఆ లోయ పేరు జిగోకుదాని. జిగోకు అంటే నరకం, దాని అంటే లోయ. నరకలోయ! అల్లుడుగారు అర్థం చెప్పగానే నేను ఆగిపోయాను. "పాస్టరు గారి భార్యను ఎక్కడికి తీసుకుపోతున్నారు?" అన్నాను. ఏటవాలు కొండల మధ్య నేల పగుళ్ళలో నుండి ఆవిరి, మరిగే నీళ్ళు పైకి రావడం చూసి పూర్వులు ఆ పేరు పెట్టారట. నది ప్రక్కన ఒకచోట ఆవిరితో నీళ్ళు పైకి చిమ్ముతున్నాయి. 1927లోనే ప్రభుత్వం దానిని కాపాడవలసిన ప్రకృతి వింతగా ప్రకటించింది. మన భద్రాచలం దగ్గర గోదావరి ఇసుకలో వేడినీటి బుగ్గ ఉన్నదని వినలేదా, ఇదీ అటువంటిదే. కాని చుట్టూ మోకాలు లోతు మంచు. ఏడాదిలో నాలుగు నెలలు ఆ లోయలో మంచు కరగదు.

ఆ లోయలో కోతులకు స్నానం ఎవరు నేర్పారని అడిగాను. ఎవరూ నేర్పలేదట. ఆ నది ఒడ్డున పాతకాలపు సత్రం ఒకటి ఉన్నది. సత్రంలో దిగినవారి కోసం ఆరుబయట వేడినీళ్ళ తొట్టి ఉండేది. 1963లో ఒక ఆడ కోతిపిల్ల దానిలో దిగింది. వెచ్చగా ఉన్నట్టు తెలిసింది. దానిని చూసి తోటి పిల్లలు, పిల్లలను చూసి తల్లులు దిగాయి. మనుషులూ కోతులూ ఒకే నీళ్ళలో ఉండడం శుభ్రత కాదు గనుక కోతులకు వేరే తొట్టి కట్టారు. 1970 జనవరిలో అమెరికాలోని లైఫ్ పత్రిక ముఖచిత్రంగా మంచులో తల మీద మంచు పేరుకున్న కోతి ఫొటో వేసింది. అప్పటి నుండి లోకమంతా చూడవస్తున్నది.

కొత్త సంగతులు పిల్లలే మొదలుపెడతాయనడానికి జపానులోనే మరొక ఉదాహరణ ఉన్నది. దక్షిణాన కోషిమా అనే చిన్న దీవిలో 1953లో ఒక ఆడపిల్ల కోతి, ఇసుక అంటిన చిలగడదుంపను నీళ్ళలో కడిగి తినడం మొదలుపెట్టింది. ఈడువారు నేర్చుకున్నారు, తల్లులు నేర్చుకున్నారు. వయసు మీరిన మగకోతులు మాత్రం ఇసుకతోనే తిన్నాయట. సంఘ కమిటీలలో కూర్చున్న అనుభవం ఉన్నవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఇప్పుడు ఆపిల్ తోటల సంగతి. ఆ కొండలలో మంచు ఆటల కోసం అడవులు కొట్టి స్థలాలు చేసినప్పుడు కోతులు క్రిందికి దిగి తోటల మీద పడ్డాయి. రైతులు ఊరుకుంటారా? చంపించాలన్నారు. ఆ రైతుల బాధ నాకు వేరే ఎవరూ వివరించనక్కరలేదు. కోతుల మీద ప్రేమగలవారు కొందరు, వాటికి తోటలకు దూరంగా, లోయలోనే గింజలు వేసి నిలపవచ్చునని పూనుకున్నారు. 1964లో ఆ స్థలాన్ని కోతుల వనంగా తెరిచారు. నేటికీ వనం పనివారు మాత్రమే రోజుకు కొన్నిసార్లు గింజలు చల్లుతారు. చూడవచ్చినవారు ఏమీ పెట్టకూడదు, తాకకూడదు, కళ్ళలోకి సూటిగా చూడకూడదు. తినుబండారం సంచిలో నుండి బయటకు తీయకూడదు. ఈ నియమం అందరూ పాటిస్తున్నారు గనుక అంతమంది మధ్య ఆ కోతులు ఎవరి చేతిలోనూ ఏమీ లాక్కోవడం నేను చూడలేదు. గుడి మెట్ల దగ్గర, రోడ్డు ప్రక్కన అరటిపండ్లు చూపించి కోతులకు మనమే ఏమి నేర్పామో నాకు అక్కడ అర్థమైంది.

అయితే జపాను రైతుల బాధ అంతటితో తీరిపోలేదు. మిగతా ప్రాంతాలలో నేటికీ కరెంటు కంచెలు, కోతులను తరమడానికి నేర్పిన కుక్కలు ఉన్నాయి. ఏటా వేల కోతులను పట్టి చంపవలసి వస్తున్నది. ఒక లోయలో కుదిరింది అంతే.

మేము చేరేటప్పటికి సన్నగా మంచు పడుతున్నది. రాళ్ళు పేర్చి కట్టిన చిన్న కోనేరు, దానిపైన ఆవిరి. నీళ్ళలో పది పన్నెండు కోతులు. మన కోతులకు దాయాదులే గాని బొచ్చు దట్టం, తోక పొట్టి, ముఖం కుంకుడు రంగు దాటి పండిన మిరపకాయ ఎరుపు. గడ్డం వరకు నీళ్ళలో మునిగి, కళ్ళు మూసుకొని, పెద్ద ముత్తైదువుల వలె కూర్చున్నాయి. ఒకదాని తల మీద మరొకటి పేలు చూస్తున్నది. పిల్లలు గట్టు మీద నుండి దూకి, ఈది, మళ్ళీ ఎక్కి దూకుతున్నాయి. అరగంట సేపు నేను చలి మరచి నిలబడిపోయాను. కోతి చేష్టలను చూసి నేను నవ్వి ఎన్నాళ్ళయిందో!

అప్పుడు మనుమడు నా కోటు లాగాడు. "అమ్మమ్మా, దాన్ని ఎందుకు రానివ్వడం లేదు?"

వాడు చూపించినవైపు చూశాను. కోనేటికి నాలుగు అడుగుల దూరంలో ఒక తల్లి కోతి. పొట్టకు కరుచుకొని పిల్ల. తల్లి వీపు మీద మంచు పేరుకొని ఉంది. అది మెల్లగా గట్టు దగ్గరకు వచ్చింది. నీళ్ళలో ఉన్న ఒక పెద్ద ఆడకోతి లేవలేదు, అరవలేదు. తల త్రిప్పి ఒక్కసారి చూసి నోరు తెరిచింది. అంతే. ఈ తల్లి పళ్ళు ఇకిలించి వెనక్కు జరిగింది. "నవ్వుతున్నది" అన్నాడు మనుమడు. "నవ్వు కాదు, అది భయం" అన్నారు అల్లుడుగారు. మళ్ళీ కొంతసేపటికి మరొక ప్రక్క నుండి వచ్చింది. అక్కడ ఇంకొకటి చూసింది. మళ్ళీ వెనక్కు. కోనేటిలో చోటు లేక కాదు. ఇంకా నాలుగు కోతులు పట్టే చోటు నా కళ్ళకు కనిపిస్తూనే ఉన్నది.

అల్లుడుగారు ఈ విషయాలు బాగా చదివారు. వీటిలో మగవి మంద మారుతుంటాయి గాని ఆడవి పుట్టిన మందలోనే జీవితమంతా ఉంటాయట. తల్లికి ఏ అంతస్తు ఉంటే బిడ్డకు అదే. పెద్దింటి కోతి కడుపున పుట్టిన నెలల పిల్లకు కూడా, తక్కువ ఇంటి ముసలి కోతి దారి ఇవ్వాలి. జపాను పరిశోధకులు 1950లలోనే దీనిని గమనించి వ్రాశారు. క్యోటో విశ్వవిద్యాలయం వారు ఇదే లోయలో 12 ఆడకోతులను పరిశీలించి 2018లో ఒక పరిశోధన ప్రకటించారు. వేడినీళ్ళలో దిగే కాలంలో వాటి శరీరంలో వత్తిడి తెలిపే పదార్థం తగ్గుతున్నదని, పెద్ద అంతస్తు ఆడకోతులే ఎక్కువ సేపు నీళ్ళలో ఉంటున్నాయని తేలింది. అన్ని కోతులూ స్నానానికి ఆశపడవు, కొన్నిటికి నీళ్ళంటే గిట్టదు కూడా. కాని ఈ తల్లికి గిట్టక కాదు. నేను చూస్తుండగానే మూడుసార్లు వచ్చింది.

"అది జంతువుల పద్ధతి అత్తయ్యగారూ, తప్పొప్పులు లేవు" అన్నారు అల్లుడుగారు. నిజమే. కోతికి పాపమేమిటి?

కాని నాకు బేతెస్ద కోనేరు గుర్తు వచ్చింది. యోహాను సువార్త 5వ అధ్యాయం. ముప్పది ఎనిమిది ఏండ్ల రోగి. సండేస్కూలులో ఆ పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఫ్లానెల్ బోర్డు మీద ఐదు మంటపాలు అంటించేదానిని, పరుపెత్తుకొని నడిచే మనిషిని అంటించేదానిని. రోగి గురించి చెప్పాను, ప్రభువు గురించి చెప్పాను. ఆ రోగి కంటె ముందు దిగిపోతున్న వారి గురించి ఒక్కసారి కూడా పిల్లలతో మాట్లాడలేదు. అన్నేళ్ళలో అంతమంది వాని ప్రక్క నుండి దిగారు. వారిలో ఒక్కరూ చెడ్డవారని ఆ అధ్యాయంలో లేదు. వారికి కాళ్ళున్నాయి, లేక దింపేవారున్నారు. దిగారు.

ఇక ఇది రాయక తప్పదు. రెండేళ్ళ క్రితం మా సంఘములో క్రిస్మస్ ప్రేమవిందు. స్త్రీల సమాజము తరఫున వడ్డన బాధ్యత నాది. మొదటి బంతికి సంఘ పెద్దలు, వారి కుటుంబాలు, పట్నం నుండి వచ్చిన బంధువులు కూర్చున్నారు. ఎవరు పిలిచారంటే ఎవరూ పిలవలేదు, ప్రతి ఏడూ అట్లాగే కూర్చుంటారు. రెండవ బంతికి వారి పిల్లలు, పాటల బృందము. కాలువ అవతలి గూడెం నుండి కొత్తగా విశ్వాసములోకి వచ్చిన కుటుంబాలు నడిచి వచ్చాయి. వారిలో చంటిపిల్ల తల్లి ఒకామె రెండు బంతులకూ ముందుకు వచ్చింది. "వచ్చే బంతికి కూర్చుందువులే అమ్మా" అని నేనే రెండుసార్లు చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. మూడవ బంతి వేసేసరికి మాంసం అయిపోయింది, సాంబారు పోశాము. ఆమె కోసం చూస్తే చేతిపంపు దగ్గర లేదు, చెట్టు క్రింద లేదు. పిల్లను ఎత్తుకొని వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆమె గుడికి రాలేదు. సంఘములో ఎవరైనా అడిగితే, "కొత్త విశ్వాసులు, వేరు పారలేదు" అని నేనే అన్నాను.

ఆ మాట ఆ మంచులో నిలబడినప్పుడు నా చెవులకు వినిపించింది. అల్లుడుగారికి చెప్పలేదు. మా అమ్మాయికి మాత్రం చెప్పాను. అది కొంచెంసేపు ఊరుకొని, "నేను రెండో బంతిలో కూర్చున్నానమ్మా ఆ రోజు. సెలవులకు వచ్చాను కదా" అన్నది. అంతకంటె మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చూస్తే ఆ తల్లి కోతి మరొక దానిని చేరి, రెండూ పిల్లలను మధ్యలో పెట్టుకొని ఒకదానినొకటి కావలించుకొని కూర్చున్నాయి. చలికి కోతులు అట్లా ముద్దగా చేరితే జపాను వారు సరుదంగో అంటారు, కోతుల ఉండ్రం అన్నట్టు. కోనేటిలో మాత్రం దిగలేదు. సాయంత్రానికి అన్నీ కొండ మీదికి పోతాయట. మేము అంతవరకు ఉండలేదు.

ఆ రాత్రి షిబు అనే ప్రక్క ఊరిలో బస చేశాము. ఆ ఊరిలో వీధి వెంబడి తొమ్మిది స్నానశాలలు ఉన్నాయి. సత్రంలో దిగినవారికి వాటి తాళం చెవి ఇస్తారు. ఊరివారు కూడా వాటిలోనే స్నానం చేస్తారు. ఆడవారికి వేరు, మగవారికి వేరు. ఇక్కడ చిక్కేమిటంటే, ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి. అది వారి నియమము. ముందు తొట్టి బయట సబ్బుతో ఒళ్ళు కడుక్కొని, ఆ తరువాతే అందరూ ఒకే నీళ్ళలో కూర్చోవాలి. అరవై రెండేళ్ళ వయసులో ఆ మాట విని నా ప్రాణం పోయింది. రానన్నాను. మా అమ్మాయి వదలలేదు.

లోపల ఒక ముసలామె ఒక్కతే ఉన్నది. ఎనభై ఏళ్ళు ఉంటాయేమో, నడుము వంగిపోయింది. నేను చిన్న తువాలు అడ్డం పెట్టుకొని, గోడ ప్రక్కన నిలబడ్డాను. ఆమె నన్ను వింతగా చూడలేదు. నీళ్ళలో వేలు పెట్టి అమ్మో అన్నాను, అంత వేడి. ఆమె లేచి, చన్నీళ్ళ కొళాయి త్రిప్పి, చేత్తో నీళ్ళు కలిపింది. తాను కూర్చున్న చోటు చల్లని కొళాయికి దగ్గర. అక్కడి నుండి జరిగి వేడి ఎక్కువగా ఉన్న మూలకు పోయి కూర్చున్నది. నాకు చేత్తో సైగ చేసింది, ఇక్కడ దిగమని. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమెది రాదు. వందనము అని చేతులు జోడించాను. ఆమె తల వంచింది.

ఫిబ్రవరి మూడవ వారంలో ఇంటికి చేరాను. ప్రయాణం అలసట తీరాక, మా సంఘములోని బైబిలు స్త్రీని తోడు తీసుకొని కాలువ అవతలి గూడెం వెళ్ళాను. ఆమె మిరపకాయలు కోయడానికి వెళ్ళింది. పొద్దు గూకేదాకా వాకిట్లో కూర్చున్నాము. అప్పటి చంటిపిల్ల ఇప్పుడు నడుస్తున్నది. కారం అంటిన చేతులు కడుక్కొని వచ్చి ఆమె నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. ఆ క్రిస్మస్ రోజున నేను చేసినది తప్పని చెప్పాను. "అదెప్పటి సంగతో, ఇప్పుడెందుకు లెండి అమ్మగారూ" అన్నది. టీ పెట్టి ఇచ్చింది. గుడికి రమ్మని నేను అడగలేదు, నోరు రాలేదు. బయలుదేరేటప్పుడు బైబిలు స్త్రీ అడిగితే, "చూద్దాం" అన్నది.

ఆ ఆదివారం రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. నేను ఈ మధ్య గురువారాలలో కాలువ దాటి వెళ్తున్నాను. మొన్న పిల్లకు కోతుల ఫొటోలు చూపించాను. నీళ్ళలో ఉన్నవాటిని చూసి చప్పట్లు కొట్టింది. తరువాత, బయట కూర్చున్నదానిని వేలితో చూపించి, "ఇది?" అని అడిగింది.